స్ప్రే అని రాయడం, స్ప్రే కొట్టమని చెప్పడం

మీరు అడిగినవి మూడు. "స్ప్రే" అని రాయాలా, "స్ప్రేయ్" అనాలా, "స్ప్రె" అనాలా? డియోడరెంట్, పెర్ఫ్యూమ్, శానిటైజర్ లాంటి మాటల్ని ఎలా రాయాలి, వాటికి బహువచనం, విభక్తి ఎలా తగిలించాలి? ప్రతిచోటా "స్ప్రే చేయండి" అని రాస్తుంటే చెవికి ఇంపుగా లేదు, దానికి తెలుగు క్రియ ఉందా? ఇంట్లో వాడే సరుకుల పేర్లూ వాడే విధానమూ తెలుగులో రాసే పని మీ మీద పడిందన్నారు.

నేను ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. సీసాల మీద అంటించే చీటీలు, డబ్బాల్లో మడిచి పెట్టే కాగితాలు రాస్తాను, ఇతరులు రాసినవి దిద్దుతాను. అందుకే ముందే ఒక మాట చెబుతాను. స్పెల్లింగు ఒక పూట కూర్చుంటే తేలిపోతుంది. మనుషులు పొరపడేది క్రియ దగ్గర. చేతిలో ఉన్నది మందైతే ఆ పొరపాటు కంట్లోనో నోట్లోనో పడుతుంది. మీ మూడో ప్రశ్నకే నేను ఎక్కువ చోటు ఇస్తాను.

మొదటిది: "స్ప్రే" అనే రాయండి. ఇంగ్లీషులో చివర ఆ పలుకు వచ్చే మాటలు మనకు ఏత్వంతోనే స్థిరపడ్డాయి. ట్రే, ప్లే, సండే, ఎక్స్‌రే. "ట్రేయ్" అని ఎవరూ రాయరు కదా. "స్ప్రె" అని పొట్టి చేస్తే మాట మధ్యలో ఆగిపోయినట్టుంటుంది. వెనక అచ్చు వచ్చి చేరినప్పుడు మాత్రం య దానంతట అదే వస్తుంది: స్ప్రేయర్, స్ప్రేయింగ్. రెండు అచ్చులు పక్కపక్కన పడితే మధ్యలో యకారం వేసుకోవడం మన నోటికి కొత్త కాదు. ఆ య మూలమాటలోనే ఉందనుకోవడం వల్ల "స్ప్రేయ్" పుట్టింది. ఇక "ఇస్ప్రే" అనేది పలుకుబడి. మాట్లాడేటప్పుడు ఎవరి నోట వచ్చినా తప్పు పట్టను, చీటీ మీదికి మాత్రం రానివ్వను.

దీనికంటే పెద్ద చిక్కు కంటికి కనపడదు. స్ప్రే అనే ఒక్క అక్షరంలో మూడు హల్లులున్నాయి: స, దాని కింద ప, ఆ తర్వాత ర. ర ఒత్తు, అంటే క్రావడి, అక్షరానికి ఎడమవైపు నుంచి చుట్టుకుని వస్తుంది కాబట్టి చూపుకు అదే ముందు తగులుతుంది. కంప్యూటర్‌లో పేజీలు అమర్చడానికి వాడిన పాత డీటీపీ ఫాంట్లలో కంటికి కనిపించే వరుసలోనే ముక్కలు పేర్చేవారు. ఆ పాఠాన్ని యూనికోడ్‌లోకి, అంటే ఇప్పుడు కంప్యూటర్లూ ఫోన్లూ వాడే అక్షర సంకేతాల్లోకి, మార్చినప్పుడు ర ముందుకు దూకి "స్ర్పే" అయిపోతుంది. "రాష్ట్రం" చాలాచోట్ల "రాష్ర్టం" గానూ, "స్త్రీ" కాస్తా "స్ర్తీ" గానూ కనిపించేది ఇందుకే. కొన్ని ఫాంట్లలో రెండింటికీ తేడా పోల్చుకోవడం కష్టం, కానీ వెతికే పెట్టెకు అవి రెండు వేరు వేరు మాటలు. వరుస ఇది: స, పొల్లు, ప, పొల్లు, ర, ఏత్వం. మీ పాఠమంతా సిద్ధమయ్యాక "స్ప్రే" అని కొత్తగా టైపు చేసి అందులో వెతకండి. కళ్లెదురుగా ఉన్నా వెతుకులాటలో దొరకని ప్రతి స్ప్రే, వరుస తప్పిన స్ప్రే.

పొల్లుతో ముగిసే మాటల సంగతి. తెలుగు మాట అచ్చుతో ముగియడానికి ఇష్టపడుతుంది. అందుకే మన పెద్దలు బస్సు, పంపు, సెంటు, పౌడరు అన్నారు. ఇప్పుడు పౌడర్, స్ప్రేయర్ అని పొల్లుతో రాస్తున్నాం. రాయండి, అభ్యంతరం లేదు. విభక్తి ప్రత్యయం చేర్చేటప్పుడు మాత్రం రెండు దారులే ఉన్నాయి. ఒకటి, ఉకారం తెచ్చుకుని "స్ప్రేయరుతో" అనడం. రెండోది, మధ్యలో కనపడని విడదీత గుర్తు, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారే అది, పెట్టి "స్ప్రేయర్‌తో" అనడం. రెండూ చేయకపోతే "స్ప్రేయర్తో" అవుతుంది, ర కింద త దూరిపోయి "కర్త"లోని ముద్దలా కనిపిస్తుంది. "హెయిర్ స్ప్రే"ని విడిగా రాయమనేదీ ఇందుకే. కలిపేస్తే "హెయిర్స్ప్రే". అక్కడ ర, స, ప, ర నాలుగూ ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కుతాయి. చిన్న సీసా మీద చిన్న అక్షరాల్లో అది మచ్చలా పడుతుంది. బాడీ స్ప్రే, హెయిర్ స్ప్రే, రూమ్ స్ప్రే, అన్నీ రెండు మాటలే.

రూమ్ అన్నాను కాబట్టి సున్న గురించి కూడా. రూం, క్రీం, పెర్ఫ్యూం అని సున్నతో రాస్తే విడదీత గుర్తు బెడద తప్పుతుంది నిజమే. కానీ సున్న పలుకు తన తర్వాతి అక్షరాన్ని బట్టి మారుతుంది. "పెర్ఫ్యూంలు" అన్నప్పుడు మ వినిపిస్తుంది, "పెర్ఫ్యూంకి" అన్నప్పుడు "అంకె"లోని పలుకు వచ్చి కూర్చుంటుంది. అందుకని నేను మ్ వైపే ఉంటాను.

ఇక ఒక్కో మాట. డియోడరెంట్ అని రాయండి. డియోడ్రెంట్, డియోడరంట్, డియోడొరెంట్ అన్నీ చూశాను, ఇంగ్లీషు పలుకుకు దగ్గరగా ఉండి తెలుగు నోటికి ఇబ్బంది లేనిది మొదటిదే. చిన్నగా డియో, ఒకటికి మించితే డియోలు. పెర్ఫ్యూమ్, పర్ఫ్యూమ్ రెండూ వాడుకలో ఉన్నాయి. నేను పెర్ఫ్యూమ్ అంటాను. దాన్ని సెంటు అనొచ్చా అంటే, ఇంట్లో అనుకోవడానికి చక్కటి మాట. సరుకు పేరుగా ఈనాటి కుర్రకారుకు పాతబడినట్టు అనిపిస్తుంది. పైగా బహువచనంలో "రెండు సెంట్లు" అనగానే సగం మందికి ఇంటి స్థలం గుర్తొస్తుంది. అత్తరు వేరే వస్తువు, అది సంప్రదాయంగా నూనెలో దింపిన పరిమళం, పూసుకునేది. పెర్ఫ్యూమ్ అని రాయాల్సిన చోట అత్తరు అని రాస్తే కొన్నవాళ్లు మూత తీసి వేలికి అద్దుకోవాలని చూస్తారు. పన్నీరు చల్లేది. దాన్ని తినే పనీర్‌తో కలపకండి, ఒక్క న ఒత్తుతో మాట మారిపోతుంది.

శానిటైజరా, సానిటైజరా అన్నది చాలామంది అడుగుతారు. శానిటైజర్. ఇంగ్లీషులో శ లేదు కదా అంటారు. నిజమే, కానీ అక్కడున్న అచ్చు మనం బ్యాంకు, ట్యాంకు, క్యాన్ అని ్యా పెట్టి రాసే అచ్చు. అది స తర్వాత వస్తే "స్యా" కావాలి. స, య కలిసినప్పుడు మన నాలుక శ వైపు జారుతుంది. శాంపిల్, శాటిలైట్, శానిటరీ ఇలాగే స్థిరపడ్డాయి. "సానిటైజర్" అని రాస్తే సాగరంలోని సా పలుకుతుంది, అది మూలానికి ఇంకా దూరం.

ఫ్రెష్‌నర్ అనకుండా ఫ్రెషనర్ అని నాలుగు అక్షరాల్లో రాస్తే విడదీత గుర్తు అక్కర్లేదు. ఏరోసాల్ అనే మాటను డబ్బాకు వాడకండి. గాలిలో తేలే పొగ, ధూళి, ఉప్పు రేణువులన్నిటికీ విజ్ఞానశాస్త్రంలో అదే పేరు. ఇంట్లో ఉన్నది స్ప్రే డబ్బా.

నాజిల్ దగ్గర కాస్త ఆగాలి. చిమ్మే చోట ఉండే ఆ చిన్న మూతి పేరు నాజిల్. ముక్కులో కొట్టుకునే మందును కొందరు "నాజల్ స్ప్రే" అని రాస్తారు. ఒక్క గుడి తేడాతో ఒకటి సీసా మూతి, ఇంకొకటి మనిషి ముక్కు. ఇంగ్లీషులో నాజిల్ అనే మాట ముక్కు అనే మాట నుంచే పుట్టింది, అంటే చుట్టరికం నిజమే. కానీ "నాజల్‌ను శుభ్రంగా తుడవాలి" అని ఉంటే ఏది తుడవాలి? ముక్కు మందుకు నేసల్ స్ప్రే అని రాయండి. వీలైతే "ముక్కులో కొట్టుకునే స్ప్రే" అనండి, అంతకంటే తేటగా ఎవరూ చెప్పలేరు.

బహువచనాల్లో పెద్ద చిక్కులేమీ లేవు. స్ప్రేలు, డియోడరెంట్లు, స్ప్రేయర్లు, శానిటైజర్లు. ల్ తో ముగిసేవి ఇల్లు ఇళ్లయినట్టే నాజిళ్లు, బాటిళ్లు. స్ప్రేస్, పెర్ఫ్యూమ్స్ అని ఇంగ్లీషు బహువచనం తేవద్దు, దాని మీద మళ్లీ లు తగిలించి "స్ప్రేస్‌లు" అసలే వద్దు. విభక్తి విషయంలో ఇ, ఈ, ఐ తర్వాత కి, ని, మిగతా అచ్చుల తర్వాత కు, ను అన్నది పాత పద్ధతి. ఆ లెక్కన స్ప్రేకు, స్ప్రేను. మాటల్లో స్ప్రేకి, స్ప్రేని కూడా వింటాం. ఏదైనా పరవాలేదు, ఒకే కాగితంలో రెండూ కలవకుండా చూసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. తెలుగులో ద్రవాన్ని చిన్న చుక్కలుగా పంపడానికి మాటలు బోలెడు, ఒక్కోదానికి ఒక్కో చేతివాటం ఉంది. చల్లడం అంటే చేత్తోనో చెంబుతోనో, పెద్ద చుక్కలు, కింద పరుచుకునేలా. కళ్లాపి చల్లుతాం. చిలకరించడం అంటే వేళ్ల కొసలతో, కొంచెమే, ఏరి ఏరి. ఇస్త్రీకి ముందు చొక్కా మీద నీళ్లు చిలకరిస్తాం. చిమ్మడం అంటే వేగంగా, ఒకే ధారగా. పాము విషం చిమ్ముతుంది. అయితే కొన్ని ప్రాంతాల్లో ఇల్లు చిమ్మడం అంటే ఊడవడం. "గది అంతా చిమ్మండి" అని దోమల స్ప్రే మీద రాస్తే అక్కడివాళ్లు చీపురు అందుకుంటారు. పిచికారీ చేయడం పొలం మాట, యంత్రం మాట. "లీటరు నీటికి 2 మి.లీ. కలిపి పిచికారీ చేయాలి" అన్నది రైతుకు ఎంత సహజంగా ఉంటుందో, "చంకల్లో పిచికారీ చేయండి" అన్నది డియోడరెంట్ సీసా మీద అంత అసహజంగా ఉంటుంది. తుంపర నామవాచకం, చాలా పనికొచ్చేది. దగ్గినప్పుడు వచ్చేవి తుంపరలు, తుంపర సేద్యం అందరికీ తెలుసు. ట్రిగ్గర్ ఉన్న సీసా మూతిని తిప్పితే ఒకవైపు సూటిగా, ఇంకోవైపు విచ్చుకుని వస్తుంది కదా. ఆ రెండింటికీ నేను "ధార", "తుంపర" అని రాస్తాను. ఇంతవరకూ ఎవరూ అర్థం కాలేదనలేదు.

ఇవన్నీ ఉన్నా, స్ప్రే డబ్బా చేతిలో ఉన్న మనిషి అనే మాట ఒక్కటే: కొట్టడం. దోమల స్ప్రే కొట్టు, సెంటు కొట్టుకో, మొక్కలకు మందు కొట్టాలి. ఇది మోటుగా ఉందని కొందరు కొట్టేస్తారు, "స్ప్రే చేయండి" అని మారుస్తారు. నేను ఒప్పుకోను. సైకిలుకు గాలి కొడతాం, గోడకు సున్నం కొడతాం, బోరింగు పంపు కొట్టి నీళ్లు పడతాం. చేతి బలంతోనో ఒత్తిడితోనో గాలినీ నీటినీ రంగునూ పంపే పనికి తెలుగులో ఉన్న క్రియ అదే, దెబ్బతో దానికి పని లేదు. వాడుకలో బతికున్న మాటను పక్కన పెట్టి "స్ప్రే చేయు" అనే అతుకును తెచ్చుకోనక్కర్లేదు. "మందు కొట్టడం" అంటే తాగడమనే అర్థమూ ఉంది కాబట్టి ఒట్టి "మందు" అని వదలకుండా దోమల మందు, పురుగుమందు, ముక్కు మందు అని ముందు మాట చేర్చండి. ఆ అనుమానం అక్కడితో తీరిపోతుంది.

కొట్టండి, కొట్టుకోండి. ఈ రెండింటి తేడా మీకు గుర్తుంటే నా సమాధానంలో మిగతాదంతా మరిచిపోయినా బాధపడను. ఒకసారి ఒంటికి దోమలు కుట్టకుండా వాడే స్ప్రే కాగితం నా దగ్గరకు దిద్దడానికి వచ్చింది. అందులో "బట్టల మీద స్ప్రే చేయండి" అని ఉంది. వ్యాకరణం సరిగ్గానే ఉంది. అలవాటు ప్రకారం మా ఇంటి పక్కనుండే పెద్దావిడ చేత చదివించాను. ఆమె చదివి, "బీరువాలో మడత పెట్టిన బట్టలకా, ఆరేసిన వాటికా?" అని అడిగింది. ఒంటి మీద వేసుకున్న బట్టలన్న ఊహే ఆమెకు రాలేదు. ఎందుకు వస్తుంది? ఇంగ్లీషు వాక్యంలో ఆ సంగతి చుట్టూ ఉన్న మాటల్లో ఉంది, తెలుగులో అది క్రియలో ఉండాలి. "వేసుకున్న బట్టల మీద కొట్టుకోండి" అని మార్చి మళ్లీ ఇచ్చాను. ఆమె చదువుతూనే తన కొంగు మీద కొట్టుకున్నట్టు చెయ్యి ఆడించింది. ఆ "కో" చేసే పని అది. తన ఒంటికైతే కొట్టుకోవాలి, పూసుకోవాలి, రాసుకోవాలి. గదికి, గోడకి, మొక్కకి అయితే కొట్టాలి. పిల్లల విషయంలో ఇంకో మెట్టు ఉంది. "పిల్లల ముఖం మీద నేరుగా కొట్టవద్దు. ముందు మీ అరచేతిలో కొట్టుకుని, తర్వాత వాళ్లకు రాయండి." ఎవరి చేయి, ఎవరి ఒళ్లు అన్నది ఈ మూడు క్రియల్లోనే తేలిపోయింది చూడండి.

రెండో ఉచ్చు "కి", "కు" ప్రత్యయం. "వరికి మందు కొట్టాలి" అంటే వరిని కాపాడటానికి. "కలుపుకు మందు కొట్టాలి" అంటే కలుపును చంపడానికి. ప్రత్యయం ఒక్కటే, ఫలితాలు రెండు. తెలిసినవాళ్లు మాట్లాడుకునేటప్పుడు ఇబ్బంది లేదు. కుండీల్లో నాలుగు మొక్కలు పెంచుకునే కొత్తవాళ్లకు "గులాబీలకు కొట్టే మందు", "గడ్డికి కొట్టే మందు" ఒకే అరలో కనిపిస్తే ప్రమాదం. "గులాబీల మీది పేనుబంకను చంపుతుంది", "గడ్డిని చంపుతుంది, మొక్కల మీద పడనీయవద్దు" అని ఏది చస్తుందో చెప్పేయండి. "కలుపు మందు", "మందు కలుపు" అన్నవి కూడా ఇలాంటివే, మాటల వరుస మారితే మొదటిది వస్తువు, రెండోది పని. నేను "మందు కలపండి" అనే రాస్తాను, "కలుపు" అన్న రూపాన్ని పని చెప్పడానికి ఎప్పుడూ వాడను. కలుపు మందు కొట్టిన స్ప్రేయర్‌లో మిగిలిన తడి కూడా పంటను మాడ్చగలదు. అందుకే దానికి స్ప్రేయర్ వేరుగా పెట్టుకోమని రాసేటప్పుడు ఆ వాక్యంలో "కలుపు" ఒకే అర్థంలో ఉండాలి.

క్రిమిసంహారక అనే మాటకూ ఈ జబ్బే. బండలు తుడిచే ద్రవం మీదా అదే, పొలంలో కొట్టే విషం మీదా అదే. ఇంటి సరుకుకు "సూక్ష్మక్రిములను చంపే" అని రాస్తే చాలు, పొలానిది పురుగుమందు.

లెక్క చెప్పేటప్పుడు "స్ప్రే"ను వాడకండి. "రోజుకు 2 స్ప్రేలు" అంటే రెండు సార్లు నొక్కడమా, రెండు సీసాలా? ముక్కు మందు విషయంలో "ఒక్కో ముక్కు రంధ్రంలో రెండేసి సార్లు నొక్కండి" అని రాయండి. రెండేసి, మూడేసి అన్న రూపాలు మన భాష మనకిచ్చిన వరం. ఒక్క ముక్కలో విడివిడి లెక్క వచ్చేస్తుంది. పొలం మందుకైతే "ట్యాంకుకు ఇంత" అనే అలవాటు ఉంది. 10 లీటర్ల ట్యాంకూ ఉంది, 16 దీ ఉంది, 20 దీ ఉంది. లీటరుకు ఎంతో చెప్పండి.

హెచ్చరికల్లో "రాదు" కంటే "వద్దు" మేలు. "ఖాళీ డబ్బాను గుచ్చరాదు, కాల్చరాదు" అన్నది పుస్తకం మాట. "ఖాళీ అయినా డబ్బాను గుచ్చవద్దు, మంటలో వేయవద్దు" అంటే చెయ్యి ఆగుతుంది. ఆ "అయినా" ముఖ్యం, ఖాళీ డబ్బాలో కూడా ఒత్తిడి మిగిలి ఉంటుందని చాలామందికి తెలియదు. స్ప్రే డబ్బాల మీద సాధారణంగా ఉండే 50 డిగ్రీల హద్దును అంకెతో పాటు "ఎండలో, పొయ్యి దగ్గర, ఆపి ఉంచిన కారులో పెట్టవద్దు" అని కూడా రాయండి. వాడే ముందు "బాగా కుదపండి" అనండి, "బాగా కలపండి" అంటే మూత తీసి నీళ్లు పోసేవాళ్లున్నారు. వెంటిలేషన్ అనే మాటకు "గాలి ఆడే చోట" సరిపోతుంది.

మీ కాగితం పూర్తయ్యాక ఫోనులో ఎవరికైనా చదివి వినిపించండి. అవతలి మనిషికి సీసా కనపడదు, బొమ్మ కనపడదు. విన్నాక "ఇప్పుడు ఏం చేస్తారో చెప్పండి" అని అడగండి. "దేని మీద?", "ఎన్నిసార్లు?", "నాకా, గదికా?" అని వాళ్లు తిరిగి అడిగిన ప్రతిచోటా పెన్సిలుతో గీత పెట్టుకోండి. మొదటి ముసాయిదా తయారైతే ఇక్కడే పెట్టండి, ఆ గీతలతో సహా పెట్టండి, కూర్చుని దిద్దుతాను.